ముల్లు చెప్పిన మాట, కర్ర చెప్పిన మాట

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం మన చరిత్ర ముచ్చట్లలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. మీ కార్లో స్టీరింగు వెనకాల ఒక చిన్న ముల్లు ఉంటుంది చూడండి, ఒక చివర ‘ఇ’ అనీ ఇంకో చివర ‘ఎఫ్’ అనీ రాసి ఉంటుంది. ఇవాళ్టి కథ దాని గురించే. ట్యాంకులో ఎంతుందో చెబుతుంది, అంతేగా, ఇందులో కథేముంది అంటారేమో. అది నోరు మూసుకున్నప్పుడు ఒకసారి, అబద్ధం చెప్పినప్పుడు ఒకసారి ఏం జరిగిందన్నదే కథ.

ముందుగా ఒక చిన్న మనవి. ఇక్కడ అందరూ దాన్ని గ్యాస్ అంటారు గానీ నేను పెట్రోలనే అంటాను. “గ్యాస్ అయిపోవచ్చింది, పోయించుకు రావాలి” అని ఫోన్లో అంటే మా అమ్మ ఇప్పటికీ, “సిలిండరు బుక్ చేశావా మరి?” అని అడుగుతుంది.

మనలో ముప్ఫయ్యో నలభయ్యో దాటినవాళ్ళు చాలామంది ఈ ముల్లు లేని బండి మీదే పెరిగారు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ గానీ, ఆ తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ గానీ, నాన్న ముందు నిలబడి, అమ్మ వెనక కూర్చుని, నలుగురం కలిసి సినిమాకి వెళ్ళిన బళ్ళు. పెట్రోలు ఎంతుందో తెలియాలంటే సీటెత్తి మూత తీసి లోపలికి చూడటమే. లేకపోతే బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినడం. నిండు ట్యాంకు చప్పుడు వేరు, అడుగంటిన ట్యాంకు చప్పుడు వేరు, మా వీధిలో పెద్దవాళ్ళందరికీ ఆ తేడా తెలుసు. అన్నిటికీ మించి రిజర్వు. పెట్రోలు ట్యాపుకి మూడు స్థానాలుండేవి, ఆన్, ఆఫ్, రిజర్వు. ఇంజను దగ్గి ఆగిపోగానే ట్యాపు రిజర్వుకి తిప్పి, నాలుగు కిక్కులు కొట్టి, నేరుగా బంకుకి పోవాలి. అది కూడా అయిపోతే స్కూటర్ని ఒక పక్కకి వంచి, మూలన మిగిలిన చుక్కలు కార్బురేటర్లోకి దిగేదాకా ఆగి, మళ్ళీ కిక్కు. బుల్లెట్ నడిపినవాళ్ళకీ ఈ రిజర్వు ట్యాపు బాగా తెలుసు.

ఇదేదో మన పేదరికం వల్ల వచ్చిన ఏర్పాటు అనుకోకండి. కార్ల చరిత్రంతా ఇలాగే మొదలైంది. ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా కోటిన్నర మోడల్ టి కార్లు తయారు చేసింది. ఎక్కువ కాలం దాని ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది. పెట్రోలు చూడాలంటే అందర్నీ దింపి, సీటు దిండు ఎత్తి, మూత తీసి, గీతలు గీసిన చెక్క పుల్ల ముంచి, ఎంతమేర తడిసిందో చూసుకోవాలి. రేషను షాపులో కిరసనాయిలు డ్రమ్ములో కర్ర ముంచి చూడటం గుర్తుందా, అచ్చు అదే. ఆ కారులో పెట్రోలు పంపు కూడా లేదు, ట్యాంకులోంచి తన బరువుతో తనే ఇంజనులోకి దిగాలి. అందుకని ట్యాంకులో తక్కువున్నప్పుడు నిటారు గుట్ట ఎక్కాలంటే కారుని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్ళు. ముందుకి ఎక్కితే ముక్కు పైకి లేచి ఇంజనుకి పెట్రోలు అందేది కాదు మరి.

జర్మనీ వారి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సంగతి ఇంకా తమాషా. ప్రపంచమంతా తిరిగిన ఆ కారుకి 1961 దాకా పెట్రోలు ముల్లే లేదు. దానికీ మన స్కూటరులాగే రిజర్వు ట్యాపు, డ్రైవరు కాళ్ళ దగ్గర. ఇంజను తడబడగానే కాలితో తన్ని తిప్పుకోవడమే. మళ్ళీ నింపుకున్నాక దాన్ని వెనక్కి తిప్పడం మర్చిపోతే మాత్రం ఈసారి రిజర్వు లేదన్నమాట. చేతక్ నడిపిన ప్రతి ఇంట్లోనూ ఈ మరుపు గురించి ఒక కథ ఉండే ఉంటుంది.

సరే, ముల్లు వచ్చింది. ఎలా పని చేస్తుందది? ట్యాంకులో ఒక తేలే బెండు, దానికో సన్నటి కడ్డీ, ఆ కడ్డీ చివర ఒక లోహపు వేలు. బెండు పైకీ కిందకీ కదిలినప్పుడు ఆ వేలు ఒక చిన్న పలక మీద జారుతుంది, దాన్ని బట్టి కరెంటు ప్రవాహం మారుతుంది, ఆ మార్పుని బట్టి ముల్లు కదులుతుంది. పాతరోజుల్లో కరెంటుకి వేడెక్కి వంగే రెండు లోహాల పట్టీ ముల్లుని తిప్పేది. అది వేడెక్కడానికి కొంచెం సమయం పడుతుంది కాబట్టి గతుకుల్లో పెట్రోలు తొణికినా ముల్లు గంతులు వేసేది కాదు. ఇప్పుడా పని కంప్యూటరు చేస్తోంది, రీడింగులకి సగటు తీసి చూపిస్తుంది.

ఇందులోనే తెలుస్తుంది ఇది ఎందుకు నమ్మరానిదో. ట్యాంకు చక్కటి డబ్బా ఆకారంలో ఉండదు, కారు అడుగున దొరికిన ఖాళీలో ఎలా ఇమిడితే అలా ఉంటుంది. ఎత్తు సగం తగ్గినంత మాత్రాన పెట్రోలు సగం తగ్గినట్టు కాదు. నిండా పోయిస్తే బెండు పైకప్పుకి ఆనుకుని ఉండిపోతుంది, కొన్ని మైళ్ళు పోయినా ముల్లు కదలదు. సగం దాటాక మాత్రం జారుడుబండ ఎక్కినట్టు దిగుతుంది. వాలులో ఆపితే ఒక లెక్క, చదునులో ఆపితే ఇంకో లెక్క. ఆ లోహపు వేలు ఏళ్ళ తరబడి జారి జారి అరిగిపోతుంది కూడా. 2004 మే నెలలో ఫ్లోరిడా, లూసియానా ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకి గుర్తుండవచ్చు, ఒక రిఫైనరీ నుంచి గంధకం ఎక్కువైన పెట్రోలు బంకులకి చేరింది. బెండు దగ్గరి వెండి భాగాల్ని గంధకం తినేసింది. ట్యాంకు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉందని తెలిసి, వందల బంకుల్లో అమ్మకం ఆపేశారు.

నా పాత కారులో కూడా ఈ ముల్లు లక్షా నలభై వేల మైళ్ళ దగ్గర సగానికి పైన అతుక్కుపోయింది. మెకానిక్కు చూసి, బెండూ పంపూ ఒకే ముక్క, ట్యాంకు దింపి మొత్తం మార్చాలన్నాడు. ఆయన చెప్పిన ఖర్చుకి అలాంటి కారు సగం వస్తుంది. అప్పట్నుంచీ పోయించిన ప్రతిసారీ ట్రిప్ మీటరు సున్నాకి తిప్పి, రెండొందల యాభై మైళ్ళకి బంకుకి పోతున్నాను. మా ఆవిడ అయితే ముల్లు మీద ఒక చిన్న కాగితం ముక్క అంటించేసింది, చూస్తే నమ్మబుద్ధవుతుందని. నవ్వాను గానీ, తర్వాత కింద చెప్పబోయే రెండు విమానాల సంగతి చదివాక ఆ కాగితం ముక్క మీద గౌరవం పెరిగింది.

కారు ఆగితే రోడ్డు పక్కన నిలబడతాం. విమానం సంగతి అలా కాదు కదా. మొదటిది 1983 జూలై 23న కెనడాలో జరిగింది. ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం, అప్పటికి సరికొత్త బోయింగ్ 767. మాంట్రియల్‌లో బయల్దేరి, ఒట్టావాలో ఆగి, ఎడ్మంటన్ వెళ్ళాలి. కెప్టెన్ బాబ్ పియర్సన్, కో-పైలట్ మారిస్ క్వింటాల్. ప్రయాణికులు 61 మంది, సిబ్బంది 8 మంది.

ఆ విమానంలో ఇంధనం చూపించే యంత్రానికి రెండు ఛానెళ్ళు, ఒకటి పోతే రెండోది అందుకోవాలి. ఒకదాంట్లో ఒక సాల్డరింగు అతుకు సరిగా పడలేదు. పూర్తిగా చెడిపోయి ఉంటే రెండోది అందుకునేదే. సగం చెడింది, సగం బతికింది, దాంతో యంత్రం మారాలో వద్దో తేల్చుకోలేక తెరలన్నీ ఖాళీ అయిపోయాయి. ముందు రోజు ఎడ్మంటన్‌లో ఒక టెక్నీషియను చెడిన ఛానెల్ బ్రేకరు లాగేసి, గుర్తుకి టేపు అంటించాడు, తెరలు మళ్ళీ వెలిగాయి. మాంట్రియల్‌లో ఇంకొకాయన పరీక్షిద్దామని ఆ బ్రేకరు లోపలికి నొక్కాడు, మళ్ళీ అన్నీ ఖాళీ. ఆయన్ని ఈలోగా వేరే పనికి పిలిచారు, బ్రేకరు అలాగే ఉండిపోయింది. ముందు నడిపిన కెప్టెన్ చెప్పిన మాట పియర్సన్‌కి మరోలా అర్థమై, ఈ విమానం ఖాళీ తెరలతోనే ఎగురుతోందనుకుని కాక్‌పిట్‌లోకి వచ్చారు. వచ్చి చూస్తే అనుకున్నట్టే తెరలు ఖాళీ. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ తెరలు అబద్ధం చెప్పలేదు. నాకు తెలియదు అని నిజాయితీగా ఊరుకున్నాయి. వాళ్ళూ ఏమీ గుడ్డిగా బయల్దేరలేదు, మోడల్ టి రోజుల పద్ధతికే వెళ్ళారు, కర్ర ముంచి చూశారు. రెక్కల కింద అందుకోసమే కొలత పుల్లలుంటాయి. 62, 64 సెంటీమీటర్లు చూపించాయి. పట్టిక చూస్తే 3,758 లీటర్లు, 3,924 లీటర్లు, మొత్తం 7,682. కొలత నూటికి నూరుపాళ్ళూ సరైనదే. తప్పంతా ఆ తర్వాతి గుణకారంలో వచ్చింది.

విమానాలకి ఇంధనం లీటర్లలో కాదు, బరువులో లెక్క. వేడికి నూనె ఉబ్బుతుంది, చలికి కుంచించుకుపోతుంది, కానీ బరువు మారదు. కాబట్టి లీటర్లని బరువుగా మార్చాలి. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతిలోకి మారుతోంది. ఆ కంపెనీలో మిగతా విమానాలన్నీ పౌన్లు, ఈ కొత్త 767 ఒక్కటే కిలోలు. లీటరు ఇంధనం 1.77 పౌన్లు తూగుతుంది. కిలోల్లో అయితే 0.803. ఇంధనం చీటీల మీద ఎప్పట్నుంచో ఉంటున్న అంకె 1.77. దాన్నే వాడారు.

ఎడ్మంటన్ చేరడానికి 22,300 కిలోలు కావాలి. 7,682ని 1.77తో హెచ్చవేస్తే 13,597 వచ్చింది. అవి నిజానికి పౌన్లు, వాళ్ళు కిలోలనుకున్నారు. ఇంకా 8,703 కావాలి, అంటే 4,916 లీటర్లు పోయించారు. సరిగా లెక్కేసి ఉంటే పోయించవలసింది 20,000 లీటర్ల పైచిలుకు. అంటే కావలసిన దాంట్లో సగం కంటే తక్కువతో విమానం లేచింది. ఒట్టావాలో పియర్సన్ పట్టుబట్టి మళ్ళీ కర్ర పెట్టించారు, అదే 1.77తో మళ్ళీ లెక్కేశారు, మళ్ళీ సరిపోయింది! ఒకే తప్పుతో రెండుసార్లు సరిచూస్తే రెండుసార్లూ సరిగానే వస్తుంది.

ఈ పొరపాటు మన తాతల తరం వాళ్ళకి చెబితే ఆశ్చర్యపోరు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు, ఆ వెనకే శేర్లూ వీశెలూ పోయి కిలోలు వచ్చినప్పుడు, వాళ్ళు ఇవన్నీ పడ్డారు. వీశె అంటే 120 తులాలు, అంటే కిలో నాలుగొందల గ్రాముల దరిదాపు. వీశె ధర నోట్లో పెట్టుకుని కిలో కొన్నవాడికి ఎంత నష్టమో పచారీ కొట్టు ముందు నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలుసు. కాకపోతే అక్కడ పోయేది అర్ధణాయే.

ఇంకో మెలిక ఉంది, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెవులు రిక్కించి వినవలసినది. ఆ విమానంలో ఒక కంప్యూటరు ఉంది. బయల్దేరేటప్పుడు ఎంత ఇంధనం ఉందో మనం చెబితే, ఇంజన్లు ఎంత తాగుతున్నాయో చూసి తీసివేసుకుంటూ, ఇంకా ఇంత ఉంది అని చూపిస్తూ ఉంటుంది. 22,300 అని చెప్పారు. అది దారి పొడుగునా చక్కగా తీసివేతలు చేస్తూ, బోలెడుంది, ఫరవాలేదు అని చూపిస్తూనే ఉంది. అది ట్యాంకులోకి తొంగి చూసి చెబుతున్న మాట కాదు, మనం చెప్పిందే మనకి తిప్పి చెబుతోంది. అంతకు ముందు ఇలాంటి పెద్ద విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరు అని మూడో మనిషి ఉండేవాడు, ఇంధనం లెక్క ఆయన పని. 767లో ఆ కుర్చీ తీసేశారు. ఆ లెక్క ఇక ఎవరిదో స్పష్టంగా ఎవరికీ అప్పగించలేదు.

41,000 అడుగుల ఎత్తున, ఆంటారియోలో రెడ్ లేక్ అనే ఊరి మీదుగా పోతుండగా ఎడమవైపు ఇంధనం ఒత్తిడి తగ్గిందని హెచ్చరిక మోగింది. పంపు పోయిందనుకున్నారు. ఇంకొకటి మోగింది. విన్నిపెగ్‌లో దింపుదామని తిప్పారు. ఈలోగా ఎడమ ఇంజను ఆగింది, కాసేపటికి కుడిదీ ఆగింది. కరెంటు ఇచ్చేది ఇంజన్లే కాబట్టి తెరలు చాలా మటుకు చీకటైపోయాయి. గాలికి తిరిగే చిన్న ఫ్యాను లాంటిది ఒకటి విమానం పొట్టలోంచి బయటికి దిగి, విమానాన్ని అదుపు చెయ్యడానికి చాలినంత శక్తి మాత్రం ఇచ్చింది. 69 మందితో అంత పెద్ద విమానం గాలిపటంలా దిగడం మొదలెట్టింది.

విన్నిపెగ్ దాకా రాదని క్వింటాల్ లెక్కేసి చెప్పారు. దగ్గర్లో గిమ్లి అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం ఉంది, తను ఒకప్పుడు పనిచేసిన చోటు. అక్కడి రన్‌వేల్లో ఒకటి కారు పందేల బాటగా మారిపోయిందని మాత్రం ఆయనకి తెలియదు. ఆ రోజు అక్కడ కార్ల క్లబ్బు వాళ్ళ పండగ, పిల్లాపాపలతో కుటుంబాలన్నీ వచ్చి ఉన్నాయి. ఇంజను చప్పుడు లేకుండా వస్తున్న విమానం ఎవరికి వినిపిస్తుంది? పియర్సన్‌కి ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అలవాటు ఉంది. మరీ ఎత్తులో ఉన్నారు, చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చే వీలు లేదు. విమానాన్ని పక్కకి వాల్చి, అడ్డంగా జారుస్తూ ఎత్తు తగ్గించారు. ప్రయాణికుల విమానంతో ఎవరూ చెయ్యని పని అది. ముందు చక్రం దిగాక గట్టిగా నిలవలేదు, ముక్కు నేలకి రాసుకుంటూ పోయింది. సైకిళ్ళ మీద ఇద్దరు కుర్రాళ్ళు రన్‌వే మీదే ఉన్నారు, వాళ్ళకి కొంచెం ఇవతలే ఆగింది. ఒక్క ప్రాణం పోలేదు. ముక్కు కిందకి, తోక పైకి ఉండటంతో వెనక తలుపు జారుడుబల్ల నిటారుగా వేలాడింది, అక్కడ దిగినవాళ్ళలో కొందరికి దెబ్బలు తగిలాయి. విమానాన్ని బాగు చెయ్యడానికి విన్నిపెగ్ నుంచి బయల్దేరిన మెకానిక్కుల వ్యాను దారిలో పెట్రోలు అయిపోయి ఆగిందని కూడా చెప్పుకుంటారు!

కంపెనీ మొదట పైలట్లనే శిక్షించింది. పియర్సన్‌కి ఆరు నెలలు హోదా తగ్గించారు, క్వింటాల్‌ని రెండు వారాలు సస్పెండు చేశారు. జడ్జి లాక్‌వుడ్ విచారణ నివేదిక 1985లో వచ్చింది. లెక్క ఎవరిదో తేల్చని కంపెనీ పద్ధతుల్ని గట్టిగా తప్పుపట్టి, పైలట్ల నేర్పుని మెచ్చుకుంది. నా మటుకు నాకు ఈ నివేదికే ఆ దిగడం కంటే గొప్ప విషయం. అలవాటుగా ఒకరి మీదికి నెట్టెయ్యడం సులువు, ఆ మనిషి చేతిలో ఏ అంకె పెట్టారో అడగడం కష్టం. ఆ విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు.

రెండోది చెప్పడానికి నాకంత ఉత్సాహం లేదు. కానీ చెప్పాలి. 2005 ఆగస్టు 6న ట్యూనిఇంటర్ వారి ఏటీఆర్ 72 విమానం ఇటలీలోని బారీ నుంచి ట్యునీషియాలోని జెర్బాకి 39 మందితో బయల్దేరింది. ముందురోజు సాయంత్రం ఇంధనం చూపించే పరికరంలో అంకెలు సరిగా వెలగడం లేదని దాన్ని మార్చారు. చూపించే లెక్క తప్పు కాదు, దీపాలు మసకబారాయంతే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మార్చి పెట్టింది ఏటీఆర్ 42 పరికరం. చిన్న విమానం, దాని ట్యాంకుల కొలతలు వేరు. పైకి రెండు పరికరాలూ ఒక్కలాగే ఉంటాయి, అదే బెజ్జంలో అలాగే బిగుస్తాయి. విడిభాగాల కంప్యూటరు జాబితాలో ఇది దానికీ పనికొస్తుందని తప్పుగా ఉంది. పదేళ్ళుగా ఇలాంటి జాబితాల మధ్యే బతుకుతున్నవాణ్ణి, ఒక పట్టికలో ఒక్క వరస అంటే ఏమిటో నాకు తెలుసు, ఈ సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. బిగించాక పుల్లలతో ఒకసారి కొలిచి సరిచూస్తే పది నిమిషాల్లో బయటపడేది. కొలవలేదు.

మర్నాడు తెర మీద ఉండవలసిన దానికంటే ఎక్కువ కనబడింది. ఎవరో పోయించి ఉంటారనుకున్నారు. పోయించిన చీటీ కోసం కెప్టెన్ అడిగారు, దొరకలేదు, తర్వాత చూద్దామన్నారు. సముద్రం మీద రెండు ఇంజన్లూ ఆగిపోయేటప్పటికి కూడా ఆ తెర ఇంకా వందల కిలోలు ఉన్నాయనే చెబుతోంది. ఇంధనం తక్కువైతే మోగవలసిన హెచ్చరిక కూడా మోగలేదు, ఎందుకంటే అదీ ఆ పరికరం మాట వినే మోగుతుంది. సిసిలీ తీరాన, పాలెర్మో దగ్గర్లో విమానం నీళ్ళలో దిగి విరిగింది. 16 మంది పోయారు.

గిమ్లిలో తెరలు ఏమీ చెప్పలేదు, కాబట్టి మనుషులు ఇంకో దారి వెతికారు, ఆ దారిలో లెక్క తప్పారు. ఇక్కడ తెర ధైర్యంగా, అంకెలతో సహా చెప్పింది, వెతకవలసిన అవసరమే ఎవరికీ కనబడలేదు. స్కూటరు రిజర్వు ట్యాపు ముల్లు మీద ఆధారపడేది కాదు, అసలు ముల్లే లేదు కదా. ఏటీఆర్‌లో ఆ రిజర్వు ట్యాపు చెయ్యవలసిన పనిని కూడా ముల్లుకే కట్టేశారు. ఇటలీ విచారణ సంస్థ చేసిన సిఫార్సుల్లో ఇదొకటి, ఇంధనం తక్కువైందని చెప్పే హెచ్చరిక ఇంధనం ఎంతుందో చూపే పరికరంతో సంబంధం లేకుండా విడిగా ఉండాలని.

ఇవాళ్టికి టైమైపోయింది. ఈ శనాదివారాల్లో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్ళు బయల్దేరే ముందు ఒకసారి ట్రిప్ మీటరు సున్నాకి తిప్పుకోండి. వచ్చేవారం ఇంకో ముచ్చటతో కలుద్దాం, సెలవు.